స్వీయచిత్ర సాధన – ప్రతిస్పందన: డొంకరాయి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తన ఛాయాచిత్రాన్ని తానే తీసుకొనే అభ్యాసకులు ఇతరుల ప్రతిస్పందన నుంచి ఏమి నేర్చుకోగలరు, ఎక్కడ నష్టపోగలరు అనేది ఈ వ్యాస విషయం. చిరకాలం పరుల కెమెరాకు వస్తువుగా నిలిచిన తూర్పుకనుమల గిరిజన ప్రాంతం, అందులో సీలేరు ఒడ్డునున్న డొంకరాయి, ఈ చర్చకు నేపథ్యం.

కీలక పదాలు: స్వీయచిత్రం, ఛాయాచిత్రకళ, ప్రతిస్పందన, గిరిజన జీవితం, డొంకరాయి.

1. పరుల కెమెరాలో ముఖం

సీలేరు జలవిద్యుత్ కేంద్రాల వరుసలో డొంకరాయి ఒకటి. చుట్టుపక్కల కొండల్లో కొండరెడ్లు, కోయలు, కొండదొరలు మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. మన్యం ప్రజల ముఖాలు గ్రంథాలకెక్కిన తొలినాళ్లలో కెమెరా వారి చేతిలో లేదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. శరీరపు కొలతలు తీసుకోవడం ఆయన పద్ధతిలో భాగం. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై హైమన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1945లో వచ్చింది. ఆయన తీసిన చిత్రాలు ఆనాటి జీవనానికి విలువైన ఆధారాలు. అయితే ఎక్కడ నిలబడాలి, ఏది కనిపించాలి, ఏ చిత్రం అచ్చు కావాలి అనే నిర్ణయాలు చిత్రంలోని వ్యక్తివి కావు.

ఈ చూపును ప్రశ్నించిన ప్రసిద్ధ ప్రయత్నం బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్., ఛాయాచిత్రకారిణి క్లేర్ ఆర్నీ కలిసి 2000–2004 మధ్య రూపొందించిన దక్షిణ భారత స్త్రీల చిత్రమాల. 1869లో లాంప్రే అనే ఆంగ్లేయుడు మనుషులను గళ్ల తెర ముందు నిలబెట్టి ఫోటో తీసే పద్ధతిని ప్రతిపాదించాడు. పుష్పమాల అటువంటి గళ్ల తెర ముందు తానే నిలిచి, కొలతకు లోనైన స్త్రీ పాత్రను ధరించింది. మీట నొక్కింది మరొకరైనా వీటిని స్వీయచిత్రాలుగా పరిగణించవచ్చు. ఎలా కనిపించాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే ఇక్కడ గీటురాయి.

2. అద్దం చెప్పేది, కెమెరా చెప్పేది

స్వీయచిత్రం తీసుకున్నవారి తొలి మాట తరచుగా ‘ఇది నాలా లేదు’ అనేదే. దీనికి కారణం ఉంది. మనకు తెలిసిన మన ముఖం అద్దంలోది, అంటే కుడి ఎడమలు తారుమారైనది. 1977లో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు ఒకే వ్యక్తి చిత్రాన్ని అసలు రూపంలోనూ, అద్దపు రూపంలోనూ చూపించారు. చిత్రంలోని వ్యక్తులు ఎక్కువగా అద్దపు రూపాన్ని, వారి స్నేహితులు అసలు రూపాన్ని ఇష్టపడ్డారు. ఎవరికి అలవాటైన ముఖం వారికి నచ్చింది. కనుక తొలి అసంతృప్తిని చిత్రంలోని లోపంగా భావించనక్కరలేదు. (1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తీసుకొన్న తొలి స్వీయచిత్రానికి ఈ చిక్కు లేదు. డాగెరోటైపు పలకపై రూపం అద్దంలో వలెనే తారుమారుగా పడుతుంది!)

రెండో కారణం దూరం. ఫోన్‌ను చేతితో పట్టుకొని అడుగు దూరం నుంచి తీస్తే, ఐదడుగుల దూరం నుంచి తీసినదానికంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ఒక వైద్య పరిశోధన లెక్కకట్టింది. ఫోన్‌ను రాతిమీద నిలబెట్టి, టైమర్ పెట్టి, నాలుగైదు అడుగులు వెనక్కి జరిగితే ఈ దోషం చాలావరకు తొలగుతుంది.

మూడోది వెలుతురు. డొంకరాయి జలాశయం వంటి చోట నీటినీ ఆకాశాన్నీ వెనుక పెట్టుకొని నిలబడితే, కెమెరా ఆ తెల్లని వెలుగును తగ్గించబోయి ముఖాన్ని చీకటి చేస్తుంది. ఛామనఛాయ, నలుపు ముఖాలకు ఈ నష్టం మరింత ఎక్కువ. పైగా ఒకప్పుడు కలర్ ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ ప్రయోగశాలలకు పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది. అభ్యాసకులు నీటివైపు తిరిగి నిలబడవచ్చు. లేదా తెరపై ముఖమున్నచోట వేలితో తాకి వెలుతురు పెంచుకోవచ్చు. ‘నల్లగా వచ్చావు’ అన్న మాట వినగానే ఈ సంగతి తెలియనివారు తమ రంగును నిందించుకొంటారు. తెలిసినవారు నిలబడిన దిక్కును మార్చుకొంటారు.

3. ఏ మాట నేర్పుతుంది?

ఈ చివరి ఉదాహరణలోనే అసలు సమస్య ఉంది. ప్రతిస్పందనపై అంతకుముందు జరిగిన పరిశోధనలను క్లూగర్, డెనీసీ 1996లో సమీక్షించారు. సగటున ప్రతిస్పందన మేలే చేసినా, మూడోవంతుకు మించిన సందర్భాల్లో పనితీరు తగ్గింది. దృష్టి పని మీద నుంచి ‘నేను’ మీదకు మళ్లినకొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వారి వివరణ. కథారచయిత తన కథనూ తననూ వేరుగా చూసుకొనే వీలుంది. స్వీయచిత్రంలో పనీ నేనూ ఒకే చట్రంలో ఉంటాయి. చిత్రంపై పలికిన ప్రతి మాటా మనిషిపై తీర్పుగా మారే ప్రమాదం ఉంది.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రం రెండో అంకంలో అగ్నిమిత్రుడు మాళవికను కళ్లారా చూశాక, చిత్రంలో ఆమె అందం తగ్గడానికి చిత్రకారుని ఏకాగ్రత సడలడమే కారణమని ఊహిస్తాడు. లోపం చేతిదని, ముఖానిది కాదని ఆ విమర్శ స్పష్టంగా విడదీసింది. స్వీయచిత్రాన్ని చూసేవారికి కావలసిన సహృదయత్వం ఇటువంటిదే.

అమెరికా నర్తకి లిజ్ లెర్మన్ రూపొందించిన ప్రతిస్పందన పద్ధతి ఈ విభజనకు తోడ్పడుతుంది. ముందుగా చూసినవారు తమకు అర్థవంతంగా తోచినదాన్ని చెబుతారు; తరువాత కళాకారులు తమ సందేహాలను అడుగుతారు; ఆపై చూసినవారు తీర్పు ధ్వనించని ప్రశ్నలు వేస్తారు; అభిప్రాయం చివరిది, అదీ కళాకారులు అనుమతిస్తేనే. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనేవి మొదట రావు. ‘చూపు ముందు ఎక్కడ ఆగింది?’, ‘ఇది ఏ పూట?’ వంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు మరుసటి చిత్రానికి పనికివస్తాయి.

మన్యంలో మరొక చిక్కు ఉంది. జీన్స్ వేసుకొని విద్యుత్ స్తంభం పక్కన నిలబడిన గిరిజన విద్యార్థిని చిత్రాన్ని చూసి, పట్నపు ప్రేక్షకుడు ‘మీ సంప్రదాయ దుస్తుల్లో ఉంటే బాగుండేది’ అనవచ్చు. మెప్పుకోలుగా అన్నా, అది థర్‌స్టన్ నాటి చూపే. ఆమెను మళ్లీ నమూనాగా నిలబెడుతుంది. అదే చిత్రాన్ని గూడెంలోని అవ్వకు చూపితే ఆమె ప్రశ్నలు వేరుగా ఉంటాయి: వెనుకనున్నది ఏ కొండ, ఆ చెట్టు సగమే ఎందుకు వచ్చింది, నువ్వు ఎవరివైపు చూస్తున్నావు? చిత్రకళ పరిభాష తెలియకపోయినా ఈ మూడు ప్రశ్నలూ నేపథ్యాన్ని, చట్రాన్ని, చూపును పట్టుకొంటాయి.

అందువల్ల అభ్యాసకులు వచ్చిన మాటలను అదే రోజు నోటుపుస్తకంలో రెండు వరుసలుగా రాసుకోవడం మేలు. చిత్రం గురించినవి ఒక వరుసలో, తమ రూపం, రంగు, తెగ గురించినవి మరో వరుసలో. వారం తరువాత అదే చోట, అదే వేళకు, మొదటి వరుసలోని ఒక్క మాటను మాత్రమే తీసుకొని మళ్లీ ఫోటో తీయాలి. పాత చిత్రాన్ని తొలగించకూడదు. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ మాట పనిచేసిందో లేదో తెలుస్తుంది. రెండో వరుస పెరుగుతూ పోతే, ఆ చిత్రాలను ఎవరికి చూపిస్తున్నామన్నది మార్చుకోవాలి.