తిట్టుకు అనువాదం అక్కర్లేదు

క్రికెట్ పెద్దమనుషుల ఆట అంటారు. కానీ వికెట్లలో మైకు పెట్టాక ఆ పెద్దమనుషులు ఏం మాట్లాడుకుంటారో ప్రపంచమంతా వింటోంది. బ్యాట్స్‌మన్ ఏకాగ్రత చెడగొట్టడానికి నోటికి పని చెప్పడమే స్లెడ్జింగ్. ఇద్దరి భాషలూ వేరైతే ఇక చిక్కే.

2008 జనవరి సిడ్నీ టెస్టు గుర్తుందా? హర్భజన్ తనను 'మంకీ' అన్నాడని ఆండ్రూ సైమండ్స్ వర్గం ఫిర్యాదు చేసింది. కాదు, అది తల్లిని లాగే హిందీ తిట్టు, అందులోని 'మా కీ' అలా వినిపించిందని మనవాళ్ల వాదన. హర్భజన్‌పై వేసిన మూడు టెస్టుల నిషేధాన్ని అప్పీలులో జస్టిస్ హాన్సెన్ ఎత్తేసి, దూషణకు సగం మ్యాచ్ ఫీజు జరిమానా వేశారు. మన తరఫున గెలిచిన వాదన ఏమిటంటే, అన్నది ఈ తిట్టు కాదు, ఆ తిట్టు అని! అంతకు మూడు నెలల ముందే వడోదరలో ప్రేక్షకులు కోతి కూతలతో సైమండ్స్‌ను అవమానించారు. ఆ మాట అతని చెవికి ఎలా తగులుతుందో ఊహించడం కష్టం కాదు.

విచిత్రమేమిటంటే, ఆ ఫిబ్రవరిలోనే సైమండ్స్‌ను హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ 13.5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. కెప్టెన్ ఎవరనుకున్నారు? సిడ్నీలో సెంచరీ కొట్టిన మన లక్ష్మణ్! 2011లో హర్భజన్, సైమండ్స్ ఇద్దరూ ముంబయి ఇండియన్స్‌కే ఆడారు.

2021 జనవరిలో మళ్లీ సిడ్నీ. తొడ కండరం పట్టేసిన మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి 161 బంతులాడి 23 పరుగులతో నిలిచాడు. వెనక నుంచి కీపర్ టిమ్ పెయిన్ అశ్విన్‌ను గిల్లుతుంటే, అశ్విన్ తమిళంలో విహారికి ధైర్యం చెప్పాడు. మ్యాచ్ డ్రా. 2025 జులైలో లార్డ్స్‌లో పంజాబీ కెప్టెన్ గిల్ మన నితీశ్ రెడ్డిని "బాగుంది రా మామా" అని మెచ్చుకుంటే మైకులో విని ఎంత మురిసిపోయామో!

ఇక్కడ అమెరికాలో వారాంతపు పిల్లల లీగుల్లో నాకు వినిపించేది వేరు. తెలుగులో నాలుగు వాక్యాలు కలిపి చెప్పలేని పిల్లలకు కూడా రెండు బూతులు స్పష్టంగా వచ్చు. అదేమంటే, "అంపైర్‌కి తెలుగు రాదు కదా, అంకుల్!" అంపైర్‌కి రాకపోవచ్చు, అవతలి కీపర్‌ది గుంటూరే అయితే? భాష రానివాడికైనా మొహం, గొంతు అర్థమవుతాయి.

పిల్లలూ, ఆటలో చమత్కారం ఉండాల్సిందే. గోదావరి వెటకారం చేతిలో ఉండగా బూతెందుకు? తల్లిదండ్రులారా, కారులో మనం ఏం మాట్లాడతామో గ్రౌండులో అదే వినిపిస్తుంది. మన తెలుగు వాళ్లకు దాక్కునే చాటు కాకూడదు, తోటి ఆటగాడి భుజం తట్టే చెయ్యి కావాలి.