వార్చని వంట: ఒకే గిన్నెలో కీమా క్రీమ్ పాస్తా

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాస్తా ఉడికిన నీటిని వార్చకపోతే వంటకం ఎందుకు చిక్కబడుతుందో వివరించగలుగుతారు.
• మాంసం, పాస్తా, క్రీమ్‌లను ఏ క్రమంలో వేయాలో కారణాలతో చెప్పగలుగుతారు.
• కీమా వండేటప్పుడు, నిల్వ చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

2. పరిచయం

హైదరాబాద్ మెట్రో ఎర్ర లైనుకు ఒక చివర మియాపూర్. హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగం చేస్తూ ఇక్కడ అద్దె గదుల్లో ఉండేవారిలో దూరవిద్య విద్యార్థులూ ఉంటారు. గదిలో ఒక స్టవ్వు, ఒకటి రెండు గిన్నెలు మాత్రమే ఉండి, ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయితే, బయట తిండి కొనడం అలవాటుగా మారుతుంది. అది డబ్బుకూ ఆరోగ్యానికీ భారమే. ఒకే గిన్నెలో ముప్పావు గంటలో పూర్తయ్యే వంట ఒకటి వస్తే ఆ భారం కొంత తగ్గుతుంది. కీమా క్రీమ్ పాస్తా అలాంటిదే. దాని వెనుక ఉన్న ఆహార విజ్ఞానాన్ని అర్థం చేసుకుంటే, కొలతల చీటీ లేకపోయినా వండగలుగుతారు.

3. మాంసం ఎంపిక

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవులను వధించడం నిషిద్ధం. హైదరాబాద్‌లో బీఫ్ పేరుతో దొరికేది ఎక్కువగా గేదె జాతి మాంసం. నగరంలో పేరున్న కల్యాణి బిర్యానీ చేసేదీ దీనితోనే. ఈ మాంసంలో కొవ్వు తక్కువ, పీచు గట్టిది. ముక్కలుగా వండితే అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ మెత్తని జెలటిన్‌గా మారడానికి గంటకు పైగా పడుతుంది. పాస్తాకు 10 నుంచి 12 నిమిషాలు చాలు. ముక్కలు, పాస్తా కలిపి ఉడికిస్తే మాంసం మెత్తబడేలోపు పాస్తా ముద్దవుతుంది. కీమాలో పీచు ముందే తెగి ఉంటుంది కాబట్టి ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. బీఫ్ తిననివారు మటన్ లేదా చికెన్ కీమాతో, శాకాహారులు నానబెట్టి పిండిన మీల్‌మేకర్ తురుముతో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.

4. గంజి చేసే పని

బిర్యానీకి బియ్యాన్ని సగం పైగా ఉడికించి నీళ్లు వారుస్తాం. గింజలకు అంటిన పిండి ఆ నీటితో పోతుంది కాబట్టి మెతుకులు పొడిపొడిగా ఉంటాయి. ఈ వంటలో మనకు కావలసింది దీనికి వ్యతిరేకం. గోధుమ పిండిపదార్థపు రేణువులు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటిని పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి. కొంత పిండి నీటిలోకి చేరి గంజి అవుతుంది. ఆ గంజే నీటినీ కొవ్వునూ విడిపోకుండా పట్టి ఉంచి, మైదా కలపకుండానే చిక్కదనం ఇస్తుంది. అందుకే ఇక్కడ నీటి కొలత ముఖ్యం: 200 గ్రాముల పాస్తాకు సుమారు 600 మిల్లీలీటర్లు. డ్యూరం గోధుమ రవ్వతో చేసిన పాస్తా అయితే ఉడికినా ఆకారం నిలుస్తుంది. మైదాతో చేసినది త్వరగా మెత్తబడుతుంది.

5. వండే విధానం

ఇద్దరికి కావలసినవి: కీమా 250 గ్రాములు, పాస్తా 200 గ్రాములు, ఉల్లిపాయ 1, టమాటాలు 2, అల్లం వెల్లుల్లి ముద్ద 1 చెంచా, నూనె 2 చెంచాలు, ఫ్రెష్ క్రీమ్ 100 మిల్లీలీటర్లు, కారం, మిరియాల పొడి, ఉప్పు.

అ) అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నెలో నూనె కాగనిచ్చి కీమాను పలచగా పరచండి. రెండు మూడు నిమిషాలు కలపవద్దు. నీరు ఇగిరిన తరువాతే మాంసం ఎర్రబడి కమ్మని వాసన వస్తుంది.
ఆ) ఉల్లిపాయ ముక్కలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి వేయించండి. తరువాత టమాటా, కారం, ఉప్పు వేసి మగ్గనివ్వండి.
ఇ) అర గ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని మంటపై 15 నిమిషాలు ఉడికించండి. గట్టి మాంసానికి ఈ దశ తప్పనిసరి.
ఈ) 600 మిల్లీలీటర్ల వేడినీళ్లు, పాస్తా వేయండి. అడుగంటకుండా రెండు నిమిషాలకొకసారి కలుపుతూ ఉడికించండి.
ఉ) పాస్తా ఉడికి, కొంచెం గంజి మిగిలి ఉండగానే మంట తగ్గించి క్రీమ్, మిరియాల పొడి కలపండి. ఒక నిమిషం తరువాత దించండి.

క్రీమ్ చివరలోనే ఎందుకు? టమాటా పులుపు, వేడి కలిస్తే పాలలోని కేసీన్ ప్రోటీన్ గడ్డకడుతుంది. నిమ్మరసంతో పాలు విరగడానికి కారణమూ ఇదే. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ కాబట్టి విరిగే ప్రమాదం తక్కువ. క్రీమ్ బదులు పాలు వాడితే టమాటా ఒకటే వేసి, స్టవ్వు ఆపాక పోయండి.

6. జాగ్రత్తలు

మాంసపు ముక్కపై సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగాన ఉంటాయి. కీమా కొట్టినప్పుడు అవి లోపలికంతా కలుస్తాయి. కనుక గులాబీ రంగు పోయిందా అని చూసి ఊరుకోకుండా, కీమా అంతటా 71 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడికించాలి. పైన చెప్పిన 15 నిమిషాల ఉడుకు దీనికి సరిపోతుంది. కీమాను కొన్నరోజే వండడం మంచిది. మిగిలిన పాస్తాను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొగలు వచ్చేదాకా వేడిచేసి తినండి. ఫ్రిజ్ లేని గదిలో ఉండేవారు ఒక పూటకు సరిపడా మాత్రమే వండుకోవాలి.

7. సారాంశం

మాంసాన్ని ముందు ఉడికించడం, నీటిని కొలిచి పోసి వార్చకపోవడం, క్రీమ్‌ను చివర కలపడం: ఈ మూడింటిపైనే ఈ వంట ఆధారపడి ఉంది. సాధారణంగా వార్చి పారబోసే గంజే ఇందులో వంటకానికి చిక్కదనం ఇస్తుంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బిర్యానీకి బియ్యం వార్చడానికీ, ఈ పాస్తాను వార్చకపోవడానికీ కారణాలు పోల్చి రాయండి.
2. మాంసం ముక్కలకు బదులు కీమా ఎందుకు వాడతాం?
3. మీ ఇంట్లో ఒకే గిన్నెలో వండే మరొక వంటకాన్ని తీసుకుని, అందులో చిక్కదనం ఏ పదార్థం నుంచి వస్తుందో వివరించండి.