స్టీరింగు పంపు ఎందుకు మూలుగుతుంది?

సరుకు నిండిన లారీని డ్రైవరు ఒంటిచేత్తో మలుపు తిప్పుతున్నాడంటే అది అతని కండబలము కాదు. ఇంజనుతోపాటు తిరిగే చిన్న పంపు ఒకటి నూనెను గట్టిగా తోసి అతనికి సాయపడుతున్నది. ఈ పద్ధతిని ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లో కారుకు అమర్చి చూపించాడు. అమ్మకపు కారులో అది కనిపించినది మాత్రము 1951లో, క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్‌తో. నేటి చిన్న కార్లలో చాలవాటికి విద్యుత్ మోటారే ఈ పని చేస్తుంది. వాటిలో పంపూ లేదు, నూనె లేదు. లారీలు, బస్సులు, పాతకాలపు కార్లు అనేకము నేటికీ నూనె పంపు మీదనే నడుస్తున్నవి.

ఈ పంపు మూలగసాగితే అది అరిగిపోయినదని చాలమంది వెంటనే మార్చివేస్తారు. కొన్నాళ్లకు కొత్తదీ మూలుగుతుంది. అప్పుడు పంపు చేసినవానిని తిట్టుకొంటారు. నిజానికి దోషము తరచు పంపులో కాక, దానికి నూనె అందే దారిలో ఉంటుంది. ఎందుకో తెలియవలెనంటే పంపు లోపలికి తొంగిచూడవలెను.

కోడిగుడ్డు ఆకారపు గదిలో ఒక గుండ్రని చక్రము తిరుగుతూ ఉంటుంది. దాని అంచున గాడులు, గాడులలో ముందుకూ వెనుకకూ జరిగే పలుచని ఉక్కు రేకులు. రెండు రేకుల నడుమ జాగా ఒకచోట విశాలమై నూనెను లోనికి తీసుకొంటుంది, మరొకచోట ఇరుకై బయటికి నెడుతుంది. స్టీరింగును చివరివరకు తిప్పినప్పుడు నెట్టేవైపు పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోగ్రాములకు చేరవచ్చును.

పీల్చేవైపు సంగతి వేరు. అసలు పీల్చుట అనేది మాట మాత్రమే. పంపు చోటు ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీలోకి నూనెను నెట్టేది వాతావరణ పీడనము. అది చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము. గట్టున పెట్టిన మోటారు 10 మీటర్లకు మించిన లోతునుంచి నీరు తోడలేదని మన రైతులకు తెలిసినదే, కారణము ఇదే. వంద కిలోల బలముతో నెట్టగల పంపు, నూనె తెచ్చుకొనుటకు ఒక్క కిలో మీద ఆధారపడియున్నదన్నమాట! మడ్డితో ఫిల్టరు మూసుకొన్నా, గొట్టము నలిగినా ఆ ఒక్క కిలో చాలదు.

అప్పుడేమి జరుగుతుంది? నూనెలో కంటికి కనబడని గాలి కరగియుంటుంది. ఖనిజ తైలములో అది ఘనపరిమాణములో పదోవంతుకు దగ్గరగా ఉంటుంది. పీడనము పడిపోగానే, గోలీ నొక్కిన సోడాలో వలె, ఆ గాలి బుడగలై పొంగుతుంది. ఇంకా పడిపోతే నూనెయే ఆవిరై గుల్లలు కడుతుంది. ఈ బుడగలు నెట్టేవైపుకు చేరగానే అధిక పీడనము క్రింద ఒక్కసారిగా కుంగిపోతాయి. ప్రతి బుడగా ఒక చిన్న సుత్తిదెబ్బ. లెక్కలేనన్ని దెబ్బలు కలసి మన చెవికి మూలుగుగా వినబడతాయి. కాలక్రమమున ఉక్కుకు సైతము గుంటలు పడతాయి. దీనినే కావిటేషన్ అంటారు. ఓడల ప్రొపెల్లర్లకూ ఇదే జబ్బు. ద్రవములో గుల్ల కుంగేటప్పుడు ఎంత పీడనము పుట్టునో లార్డ్ రేలీ 1917లో లెక్కకట్టి చూపాడు.

అయితే ప్రతి చప్పుడూ ఇది కాదు. ఇంజను వేయగానే, లేదా చక్రమును గట్టిగా తిప్పగానే కీచుమంటే అది బెల్టు జారుట. స్టీరింగు చివరకు ఆనినప్పుడు వచ్చే బుస సహజమే, మితిమీరిన పీడనమును వదలే వాల్వు తెరుచుకొంటున్నది; కాని అక్కడ ఐదు సెకనులకు మించి పట్టి ఉంచరాదు, నూనె కాగిపోతుంది. తిప్పినా తిప్పకున్నా ఒకే తీరున గరగరమంటే బేరింగును అనుమానించవలెను. ఇంజను వేగముతో పెరుగుతూ, తిప్పినప్పుడు ఎక్కువయ్యే మూలుగే మనము చెప్పుకొన్న వ్యాధి.

దానికి పరీక్ష సులభము. డబ్బా మూత తీసి చూడవలెను. నూనె నురగగానో, పాలవలె తెల్లగానో ఉంటే గాలి చేరినట్లే. ఇంజను తిరిగేటప్పుడు మట్టము గుర్తించి, ఆపిన తరువాత మరల చూడవలెను; గమనించదగినంత పైకి లేస్తే నొక్కుకుపోయిన గాలి వ్యాకోచించినదని అర్థము. ఇక గాలి వచ్చే దారి వెదకవలెను. డబ్బానుంచి పంపుకు వచ్చే గొట్టము, దాని క్లిప్పులు ముఖ్యము. ఇక్కడ చిత్రమేమంటే, చిల్లు ఉన్నా నూనె బయటికి కారకపోవచ్చును. గాలియే లోనికి పోతుంది. నెట్టేవైపు గొట్టము కారుతున్నదేమోనని మాత్రము చేతితో తడమరాదు. సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. తిరిగే బెల్టు దగ్గర భుజము మీది తువ్వాలు కూడ ప్రమాదమే.

నూనె తగ్గినదని పోస్తూ కూర్చొనుట వైద్యము కాదు. అది పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు; తగ్గినదంటే ఎక్కడో కారుతున్నది. పోసేది బండి పుస్తకములో చెప్పిన నూనెయే కావలెను. బ్రేకు నూనె పోస్తే రబ్బరు సీళ్లు పాడవుతాయి. ఉపేక్షిస్తే ఏ మలుపులోనో పంపు ఆగిపోతుంది. లారీలోను కారులోను చక్రములు అప్పటికీ తిరుగుతాయి, కాని అంత బలము ఆ క్షణములో డ్రైవరు చేతులకు రావలెను గదా!

లోపము సరిచేసి, ఫిల్టరు మార్చి, నూనె నింపిన పిమ్మట గాలిని వెళ్లగొట్టవలెను. ముందు చక్రములను నేలకు తగలకుండ ఎత్తి స్టాండ్ల మీద భద్రముగా నిలిపి, ఇంజను వేయకుండ, స్టీరింగును ఈ కొసనుంచి ఆ కొసకు పదిహేను ఇరవై సార్లు మెల్లగా తిప్పవలెను. మధ్య మధ్య డబ్బాలో నూనె తగ్గకుండ పోయుచుండవలెను. బుడగలు ఆగిన తరువాతనే ఇంజను వేయవచ్చును. తొందరపడి ముందే వేస్తే పంపు ఆ గాలిని చిలికి మరల నురగ చేస్తుంది. అది దిగుటకు కొన్ని గంటలు ఆగవలసి రావచ్చును.