అరల మధ్య అన్వేషణ: శాస్త్రపరిశోధనలో గ్రంథాలయ వీక్షణం

కీలకపదాలు: గ్రంథాలయం, వర్గీకరణ, ఉపచ్ఛాయ, రంగనాథన్, స్వాన్సన్, వృత్తిపదకోశం.

ప్రవేశిక:

పరిశోధకుడు గ్రంథాలయానికి రెండు విధాలుగా వెళ్తాడు. కావలసిన గ్రంథం పేరు తెలిసి వెళ్లడం ఒకటి. ఏది కావాలో స్పష్టంగా తెలియక, తన విషయానికి చెందిన అరల ముందు నిలబడి పుస్తకాలు తిరగేయడం రెండవది. మొదటి పనిని నేడు కంప్యూటరు క్షణాలలో చేసిపెడుతోంది. రెండవదానిని కాలక్షేపంగా భావించి, పాత సంపుటాలను పాఠకులకు ప్రవేశం లేని గదులకు తరలించే ధోరణి కనిపిస్తోంది. శాస్త్రపరిశోధనకు ఈ రెండవ పని వల్ల ఒనగూడే ప్రయోజనాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అరల అమరిక - ఉపచ్ఛాయ:

గణితాధ్యాపకుడుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలను ప్రకటించాడు. ప్రతి గ్రంథానికీ దాని పాఠకుడు దొరకాలన్నది వాటిలో మూడవది. పాఠకుడిని అరల వద్దకు స్వేచ్ఛగా రానివ్వడమే దీనికి ముఖ్యసాధనమని ఆయన వాదించాడు. అరల క్రమాన్ని వివరించడానికి ఆయన గ్రహణ పరిభాషను వాడుకున్నాడు. పాఠకుడు కోరిన విషయం మధ్యలో ప్రచ్ఛాయలా ఉంటుంది. దానికి ఇరువైపులా సన్నిహిత విషయాలు ఉపచ్ఛాయలా, వాటికి ఆవల సంబంధం లేని విషయాలు ఉంటాయి. పదం టైపు చేసి వెతికేవాడికి ప్రధానంగా చేతికందేది ప్రచ్ఛాయ మాత్రమే. ఉపచ్ఛాయలో ఉన్నదాన్ని అడగడానికి అతనికి పదమే తెలియదు.

వేరు వేరు అరలలోని జ్ఞానం:

చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ స్వాన్సన్ 1986లో ఒక చిత్రమైన విషయాన్ని చూపించాడు. చలికి వేళ్లలో రక్తప్రసరణ తగ్గిపోయే రేనాడ్ వ్యాధిపై కొన్ని వ్యాసాలున్నాయి. ఆ రోగులలో రక్తపు చిక్కదనం ఎక్కువగా ఉంటుందని అవి చెబుతున్నాయి. చేపనూనె ఆ చిక్కదనాన్ని తగ్గిస్తుందని మరికొన్ని వ్యాసాలు చెబుతున్నాయి. రెండూ అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్నవే. కానీ ఈ రెండు వర్గాల రచయితలు ఒకరినొకరు ఉదహరించుకోలేదు. చేపనూనె ఆ వ్యాధికి ఉపకరించవచ్చన్న ప్రతిపాదన ప్రయోగశాలలో కాక, చదువులో నుంచి పుట్టింది. స్వాన్సన్ వాడింది అరలను కాదు, వ్యాససూచికలను. అయినా అతని ఉదాహరణ అరలకూ ఒక హెచ్చరికే: వర్గీకరణ దగ్గర చేర్చినట్లే దూరమూ చేస్తుంది. తన వరుస దాటి నడవని పరిశోధకుడికి అరలు చేసే మేలు సగమే.

తెలుగులో ఒక ఉదాహరణ:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. నేలలు, పనిముట్లు, సేద్యపు పనులు - వీటికి రైతులు వాడే మాటలను ప్రాంతాలవారీగా సేకరించిన గ్రంథమిది. డ్యూయీ పద్ధతిలో వ్యవసాయం 630. తెలుగు భాష 494.827. కోశం కాబట్టి ఇది భాషావిభాగంలో చేరడమే సహజం. నేలల స్వభావంపై పరిశోధించే వ్యవసాయశాస్త్రజ్ఞుడు 630 దగ్గరే ఆగిపోతే, రైతుల అనుభవం పదాలుగా నిలిచిన ఈ సంపుటం అతని కంటబడదు. భాషావిద్యార్థి సంగతీ అంతే. తన విభాగం దాటి సేద్యపు పుస్తకాలు చూసే అలవాటు మనవారిలో తక్కువ.

పరిమితులు:

అరల వీక్షణానికి లోపాలు లేకపోలేదు. ఎరువు తీసుకున్న పుస్తకం అరలో ఉండదు. తప్పు చోట పెట్టినది ఉన్నా లేనట్లే. పత్రికా వ్యాసాల విషయంలో కంప్యూటరు అన్వేషణే మేలు. అయితే తెలుగు గ్రంథాల పట్టికలలో మరో చిక్కు ఉంది. పేర్లను రోమన్ లిపిలో నమోదు చేసినప్పుడు ‘వృత్తి’ వంటి మాటలోని ఋకారాన్ని ఒకరు ‘రి’గా, మరొకరు ‘రు’గా రాస్తారు. ఒక రూపంతో వెతికినవారికి మరో రూపంలో ఉన్న పుస్తకం దొరకకపోవచ్చు. అర తెరచి ఉన్నంతకాలం ఆ పుస్తకం వీపు మీది తెలుగు అక్షరాలను చూసి ఎవరో ఒకరు దాన్ని తీస్తారు. మూసిన గదికి చేరాక, నమోదులోని ఆ ఒక్క అక్షరమే దానికి మిగిలిన దారి.