పాత కారు ఆర్‌పీఎం మీటరుకు కొత్త సర్క్యూట్

ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది టాకోమీటరు. మెకానిక్కుల మాటలో ఆర్‌పీఎం మీటరు. 1960లలో ఎంజీబీ వంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకు వీటిని స్మిత్స్ కంపెనీ చేసి ఇచ్చేది. వాటిలో తొలితరం ఎలక్ట్రానిక్ మీటర్ల డయల్ మీద ఆర్‌వీఐ అనే మూడక్షరాలు చిన్నగా కనిపిస్తాయి. దశాబ్దాలు గడిచినా డయల్, ముల్లు, అద్దం బాగానే ఉండి, లోపలి సర్క్యూట్ మాత్రమే పాడైన మీటర్లు చాలా ఉన్నాయి. అలాంటివాటిని పారేయనక్కర లేదు. కొత్త సర్క్యూట్‌కు కావలసిన సామాను కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరుకు రెండు చుట్లకోసారి స్పార్క్ పడుతుంది. నాలుగు సిలిండర్లయితే చుట్టుకు 2 స్పార్కులు. 6,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 100 చుట్లు, అంటే 200 స్పార్కులు. స్పార్కులను లెక్కపెడితే వేగం తెలిసిపోతుంది. స్మిత్స్ ఇంజనీర్లు ఇందుకోసం ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు వెళ్లే తెల్ల వైరునే మీటరు వెనక ఒక మెలిక తిప్పి పంపారు. డిస్ట్రిబ్యూటరులో కాయిల్ కరెంటును కలిపి తెంచే పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా ఆ వైరులో దాదాపు 4 ఆంపియర్ల కరెంటు హఠాత్తుగా ఆగుతుంది. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఈ మార్పును పట్టి ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌కు అందిస్తుంది. సర్క్యూట్ ప్రతి స్పార్కుకూ ఒకే కొలతలో కాస్త కరెంటును ముల్లు తిప్పే తీగచుట్టకు వదులుతుంది. స్పార్కులు దగ్గరయ్యే కొద్దీ సగటు కరెంటు పెరిగి ముల్లు పైకి లేస్తుంది. ఆ రోజుల్లో ఇంత తక్కువ భాగాలతో ఈ పని సాధించడం మెచ్చుకోదగిన విషయం.

చెడేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. ఒకటి వయసు: కెపాసిటర్లు ఎండిపోతాయి, పాతరకం కార్బన్ రెసిస్టర్ల విలువ ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంది, ముల్లు తప్పు చూపడం మొదలవుతుంది. రెండోది, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడం. కాయిల్‌లో కరెంటు తీరు మారిపోయి, అంతవరకు సరిగా ఉన్న మీటరు కూడా ముల్లును అటూ ఇటూ ఊపుతుంది.

బాగుచేసే ముందు ముల్లు తిప్పే యంత్రాంగం బతికే ఉందో లేదో చూసుకోవాలి. స్మిత్స్ మీటరు ముందుండే లోహపు రింగును మెల్లగా తిప్పి, దాని నాలుకలు కేసు గాడులకు ఎదురుగా రాగానే ఊడదీయవచ్చు. తీగచుట్టను బోర్డు నుంచి విడదీసి, 1.5 వోల్టుల సెల్, మిల్లీ ఆంపియర్ల మీద పెట్టిన మల్టీమీటరు, 10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్, ఈ మూడింటినీ దానితో వరసగా కలపాలి. కంట్రోల్‌ను పూర్తి నిరోధం వైపు ఉంచి మొదలుపెట్టి, ముల్లు చివరి గీత చేరేదాకా తగ్గిస్తూ రావాలి. అప్పుడు మల్టీమీటరు చూపే అంకెను రాసుకుంటే సగం పని అయినట్టే. తీగచుట్టకు నేరుగా 12 వోల్టులు ఇస్తే అది కాలిపోతుంది.

కొత్త సర్క్యూట్‌కు ఎల్‌ఎం 2917 అనే ఐసీ చక్కగా సరిపోతుంది. నేషనల్ సెమీకండక్టర్ రూపొందించిన ఈ ఐసీ పల్సుల వేగాన్ని వోల్టేజీగా మారుస్తుంది. ఆ కంపెనీ ఇప్పుడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో భాగం. ఐసీ లోపలే వోల్టేజీని నిలకడగా ఉంచే 7.56 వోల్టుల జీనర్ డయోడ్ ఉంది కాబట్టి, 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కరెంటు ఇస్తే బ్యాటరీ వోల్టేజీ 12 నుంచి 14కు మారినా ముల్లు కదలదు. లెక్క కూడా తేలికే: జీనర్ వోల్టేజీని పల్సుల వేగంతో, ఒక రెసిస్టర్ విలువతో, ఒక కెపాసిటర్ విలువతో గుణించాలి. 100 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ పెడితే సెకనుకు 200 పల్సులకు దాదాపు 1.5 వోల్టులు వస్తాయి. ముల్లు తీగచుట్టకు వరసలో ఒక ప్రీసెట్ (విలువను సరిచేసుకోగల చిన్న రెసిస్టర్) పెట్టి, ముందు రాసుకున్న కరెంటు వచ్చేలా సరిచేయాలి. ఈ కరెంటును 470 ఓమ్‌ల రెసిస్టరుకు ముందు వైపు నుంచే తీసుకోవాలి, లేకపోతే జీనర్ పట్టు తప్పుతుంది. కొలతను నిర్ణయించే కెపాసిటరు తప్పనిసరిగా ఫిల్మ్ రకానిదై ఉండాలి. చవక సిరామిక్ బిళ్లలు వేడికి విలువ మార్చుకుంటాయి, డాష్‌బోర్డులో ఎండకు వేడి ఎక్కువే. ఎనిమిది కాళ్ల ఐసీ కన్నా పద్నాలుగు కాళ్లది మేలు. ఎంత వోల్టేజీ దాటితే పల్సుగా లెక్కించాలో అందులో మనమే నిర్ణయించవచ్చు.

ఆ సౌకర్యం ఎందుకు అవసరమో కాయిల్ దగ్గర తెలుస్తుంది. పాయింట్లు తెరుచుకున్నప్పుడు కాయిల్ నెగటివ్ వద్ద కొన్ని వందల వోల్టులు ఎగసి, కాసేపు కంపిస్తూ తగ్గుతాయి. ఆ కంపనాలను కూడా స్పార్కులుగా లెక్కిస్తే ముల్లు రెట్టింపు చూపుతుంది. అందుకే సిగ్నల్ వైరులో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసగా, బోర్డు మీద ఒక చిన్న కెపాసిటరు, ఒక జీనర్ ఉండాలి. రెసిస్టర్లను కాయిల్ దగ్గరే కలపడం తెలివైన పని. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలినా అప్పుడు ఇంజను ఆగిపోదు.

మీటరు వెనక మెలిక తిరిగిన తెల్ల వైరు ఇక అక్కర లేదు. దాని రెండు కొసలను గట్టిగా కలిపి ఇన్సులేషన్ వేయాలి. మరిచిపోతే కాయిల్‌కు కరెంటే అందదు, బండి స్టార్ట్ కాదు. కొత్త సిగ్నల్‌ను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు పోయే నల్లచార తెల్ల వైరు దగ్గర తీసుకోవాలి. 1967కు ముందు ఎంజీబీలలో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్. వాటిలో బోర్డు నెగటివ్ మీటరు కేసుకు తగలకూడదు, సిగ్నల్‌ను వెలుతురు ద్వారా అందించే ఆప్టోకప్లర్ గుండా పంపితే ఏ తలనొప్పీ ఉండదు.

మీటరును సరిచూడటానికి ఖరీదైన పరికరాలు అక్కర లేదు. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. తొమ్మిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నేరుగా సిగ్నల్ ఇస్తే నాలుగు సిలిండర్ల మీటరు 1,500 చూపాలి. నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ గుండా ఇస్తే పల్సులు 100 అవుతాయి, ముల్లు 3,000 మీద నిలవాలి. ప్రీసెట్‌ను అక్కడ సరిచేసి, మళ్లీ 1,500 దగ్గర చూసుకుంటే సరి.

కేబుల్‌తో తిరిగే ఇంకా పాత మీటర్లకు, తీగచుట్ట తెగిపోయినవాటికి ఈ దారి పనికిరాదు. వాటిలో ఎక్స్27 వంటి చిన్న స్టెప్పర్ మోటారు పెట్టి, ఆర్డుయినో బోర్డుతో నడపవచ్చు. అయితే పాత ముల్లు కొత్త ఇరుసుకు అతకడం కష్టం. ప్రోగ్రామింగ్ తెలిసినవారే దీనికి దిగడం మంచిది.

చీకట్లో మెరిసే రంగున్న బాగా పాత డయళ్లలో కొన్నిటికి రేడియం పూత ఉంటుంది. దాన్ని గీకకూడదు, తుడవకూడదు. ఇక తీసేసిన పాత బోర్డును, కొత్త సర్క్యూట్ బొమ్మతో సహా, ఒక కవరులో పెట్టి కారు కాగితాలతో భద్రపరచండి. తర్వాత ఎవరైనా మీటరు విప్పితే వారికి అవి తప్పక అవసరమవుతాయి.