దినమున కొక ప్రశ్న

హైదరాబాదు నగరమధ్యమున, అమీర్‌పేట, పంజగుట్టల చెంత బల్కంపేట యున్నది. కంప్యూటరు విద్యకును, ఉద్యోగపరీక్షల శిక్షణకును జిల్లాలనుండి యువతీయువకులు పెక్కుమంది ఈ ప్రాంతమునకు వచ్చుచుందురు. పరీక్షలలో సామాన్యజ్ఞానమునకు సంబంధించిన ప్రశ్నలుండును గనుక, ఏ తేదీన ఏమి జరిగినదో వారు కంఠస్థము చేయుదురు. ఈ శ్రమ మంచిదే. కాని తేదీ వెనుకనున్న కథ తెలియనిచో, పరీక్ష ముగిసిన మరునాడే ఆ తేదీయు మరపునకు వచ్చును.

ఈ విద్యకై నగరమునకు రానక్కరలేదు. గ్రామములోని గ్రంథాలయమునగాని, పాఠశాలయందుగాని ఒక నల్లబల్లయు, సుద్దముక్కయు ఉన్న చాలును. ఉదయమున ఆనాటి తేదీకి సంబంధించిన ప్రశ్న నొకదానిని వ్రాయవలెను. సాయంకాలము అందరి యెదుట జవాబు చెప్పవలెను. ప్రశ్నలు ఎట్లుండవలెనో బల్కంపేట పరిసరములనుండియే కొన్ని ఉదాహరణములతో వివరించెదము.

ఆగస్టు 20

బల్కంపేటకు సమీపమున బేగంపేటలో రోనాల్డ్ రాస్ పేర నొక పాత భవనము కలదు. సైనిక వైద్యుడగు రాస్, సికిందరాబాదులో పనిచేయుచు, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి పరీక్షించి, దాని పొట్టగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. అది 1897 ఆగస్టు 20వ తేదీ. ఆ దినమునే నేడు ప్రపంచ దోమల దినముగా పాటించుచున్నారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించినది.

"మలేరియా క్రిమిని మొదట కనుగొన్న దెవరు?" అని బల్లపై వ్రాసినచో పలువురు రాస్ పేరే చెప్పుదురు. అది తప్పు. మనుష్యుని రక్తములో ఆ క్రిమిని 1880లోనే అల్జీరియాలో లవరాన్ అను ఫ్రెంచి వైద్యుడు చూచెను. దోమలో దానిని చూచినవాడు రాస్. ఈ భేదము తెలిసిన పిదప రెండవ ప్రశ్న వేయవలెను: "అయినచో మన యింట మలేరియా రాకుండ ఏమి చేయవలెను?" గ్రుడ్డునుండి దోమ వెలువడుటకు వేసవిలో ఇంచుమించు వారము, పది దినములు పట్టును. కనుక తొట్లను, కుండలను వారమున కొకసారి ఖాళీచేసి ఆరబెట్టినచో దోమ పుట్టకముందే నశించును. ఒక తేదీ ఈ విధముగా ఒక కుటుంబమును కాపాడగలదు.

సెప్టెంబరు 28

1908లో ఈ దినమున మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలాదిమంది మరణించిరి. ఇచట "ఎప్పుడు?" అని మాత్రమే అడిగి ఊరకుండరాదు, "తరువాత ఏమి చేసిరి?" అనియు అడుగవలెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి నగరమునకు ఎగువన జలాశయములు నిర్మింపబడినవి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. వరదను అడ్డుకొనుటకు కట్టిన చెరువులే నగరమునకు త్రాగునీటి నిచ్చినవి.

తేదీ వేరు, తిథి వేరు

బల్కంపేట ఎల్లమ్మతల్లి కల్యాణము ఆషాఢమాసమున మొదటి మంగళవారము జరుగును. ఆ వేడుక 2023లో జూన్ 20న, 2024లో జూలై 9న, 2025లో జూలై 1న వచ్చినది. "ఏల మారుచున్నది?" అని అడిగినచో పంచాంగమెరిగిన పెద్దలు సంతోషముతో జవాబు చెప్పుదురు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు. అందుచే పండుగలు ఏటేట సుమారు పదునొకండు దినములు ముందునకు జరుగును. అధికమాసము వచ్చినప్పుడు మరల వెనుకకు పోవును. 2023లో అధిక శ్రావణము వచ్చుటచే మరుసటి యేడు కల్యాణము ఆలస్యమైనది. చదువురాని వృద్ధులును పాల్గొనదగిన ప్రశ్న యిది.

పాటింపవలసిన నియమములు

ఏ జవాబునైనను రెండు నమ్మదగిన గ్రంథములలో సరిచూచిన పిమ్మటనే వ్రాయవలెను. పేర్లు పోలియున్నచోట మరింత జాగ్రత్త వలయును. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడినది; ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించినది. ఈ రెండును ఒకటి కావు. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది. పొరపాటు జరిగినచో మరునాడు అదే బల్లపై దిద్దుకొనుటకు సంకోచింపరాదు. చదువలేనివారికై ప్రశ్నను బిగ్గరగా చదివి వినిపింపవలెను. తప్పు చెప్పినవారిని ఎగతాళి చేయరాదు.

చివరగా ఒక మనవి. వారమున కొక ప్రశ్న మీ గ్రామమును గురించియే యుండనిండు. మన చెరువు కట్ట ఏ యేట తెగినది? విద్యుద్దీపము మొదట ఎప్పుడు వెలిగినది? పాఠశాల ఏనాడు తెరచిరి? వీనికి జవాబులు ఏ పుస్తకమునను దొరకవు. కొన్ని పంచాయతీ దస్తరములలోను, పాఠశాల రిజిష్టరులలోను ఉండును; మిగిలినవి వృద్ధుల జ్ఞాపకమున మాత్రమే యున్నవి. పిల్లలను వారి కడకు పంపి అడిగించి, విన్నదానిని ఒక పుస్తకమున వ్రాయించుడు. నేడు అడుగని ప్రశ్నకు రేపు జవాబు చెప్పువారు ఉండకపోవచ్చును.