ఆకాశం క్లియర్‌గా ఉన్నా గురుగ్రహం ఎందుకు వణుకుతుంది?

సంక్రాంతి సెలవుల్లో మా మిద్దె మీద నుంచి గురుగ్రహాన్ని ఫోటో తీశా. మా చెల్లి చూసి, "ఏందన్నా ఇది, గురుడా? ఉడకబెట్టిన గుడ్డా?" అనింది. ఒక్క మబ్బు లేదు, ఫోకస్ కూడా సరిగ్గానే ఉంది. తప్పు నా ఆరంగుళాల టెలిస్కోప్‌దే అనుకుని, దాన్ని అమ్మేసి ఎనిమిది అంగుళాలది కొందామని దాచుకున్న డబ్బులు తీయబోయా. కొనుంటే డబ్బులు గోవిందా!

ఎందుకంటే తప్పు గాలిది. బిందె అడుగున రూపాయి బిళ్ళ వేసి నీళ్లు కదిలిస్తే బిళ్ళ వణుకుతుంది కదా, ఇదీ అంతే. వేడి గాలి, చల్ల గాలి కలిసే చోట వెలుతురు కొంచెం కొంచెం వంగుతూ వస్తుంది. గాలి ఎంత నిలకడగా ఉందో చెప్పేదే 'సీయింగ్'. ఆకాశం క్లియర్‌గా ఉండటం వేరు, కుదురుగా ఉండటం వేరు.

లెక్క చూడండి. ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకండ్. ఆరంగుళాల టెలిస్కోప్ సుమారు 0.8 ఆర్క్ సెకండ్ల వివరం చూపించగలదు, ఎనిమిది అంగుళాలది 0.6. గాలి మాత్రం 3 ఆర్క్ సెకండ్ల మేర అలికేస్తుంటే, ఇంకో రెండు అంగుళాలతో ఒరిగేదేముంది? తమిళనాడు కావలూరులో (మన కావలి కాదండోయ్!) వేణు బప్పు అబ్జర్వేటరీ ఉంది. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌కి కూడా ఈ గాలి బాధ తప్పదు.

మరేం చేయాలి?

ఒకటి, మిద్దె దిగండి. పగలంతా ఎండిన కాంక్రీటు రాత్రి వేడి కక్కుతుంది. నేను మైపాడు బీచ్‌కి మారా, ఇసుక త్వరగా చల్లారుతుంది.

రెండు, గ్రహం పైకొచ్చేదాకా ఆగండి. సముద్రంలోంచి లేచేటప్పుడు అందంగానే ఉంటుంది. కానీ 30 డిగ్రీల ఎత్తులో కూడా, నడినెత్తితో పోలిస్తే రెట్టింపు గాలి దాటి రావాలి.

మూడు, టెలిస్కోప్‌ని గంట ముందే బయట పెట్టండి. అద్దం చల్లబడాలి.

నాలుగు, ఫోటో కాదు, వీడియో తీయండి. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి ఒకటిన్నర నిమిషం చాలు. గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, ఎక్కువసేపు తీస్తే వివరాలు జరిగిపోతాయి. గాలి క్షణం పాటు కుదురుకున్నప్పుడు పడిన ఫ్రేములు అందులో కొన్ని ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. మంచి పది శాతం ఉంచి మిగతావి వదిలేయండి. దీన్నే లక్కీ ఇమేజింగ్ అంటారు.

అదే ఆరంగుళాలతో మైపాడులో నాకు రెండు ముదురు పట్టీలు స్పష్టంగా దొరికాయి. ఎర్రమచ్చ ఇంకా చిక్కలేదు. చెల్లి మాత్రం ఈసారి గుడ్డు అనలేదు!

ఈ రాత్రి బయటికెళ్లి నడినెత్తిన ఉన్న నక్షత్రాన్ని చూడండి. గట్టిగా మిణుకుమంటుంటే హాయిగా పడుకోండి. కుదురుగా వెలుగుతుంటే టెలిస్కోప్ తీయండి. మళ్లీ కలుద్దాం!